ముందు పైపు... తర్వాతే మిషను!

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు పెద్దలు. ఇనుప పైపు దగ్గరికొచ్చేసరికి ఈ సామెత తలకిందులవుతుంది. మందంగా ఉన్న పైపు బుద్ధిగా వంగుతుంది. పల్చటి పైపే మొండికేస్తుంది. వంగమంటే మధ్యలో సొట్ట పడి ఊరుకుంటుంది. ఈ చిన్న సంగతి ముందే తెలిస్తే ఎంతోమంది కష్టార్జితం మిషన్ల పాలు కాకుండా మిగులుతుంది. ఈ వారం కబుర్లు దాని గురించే.

ఆ మధ్య కోరుట్ల వెళ్లినప్పుడు తెలిసిన తమ్ముడొకడు వాళ్లింటికి తీసుకెళ్లాడు. పదకొండేళ్లు మస్కట్‌లో పైపులైన్ల పని చేసి వచ్చాడు. ఇక వెళ్లేది లేదని ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నాడు. వెల్డింగ్ మిషను, గ్రైండరు, కటింగ్ మిషను, గోడకి వరసగా తగిలించిన క్లాంపులు... అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఒక మూల మాత్రం నీలం టార్పాలిన్ కప్పి ఏదో కనిపించింది.

"ఏంది తమ్మీ అది?" అన్నాను.

"అదే అన్నా నా బాధ" అంటూ టార్పాలిన్ లాగాడు. హైడ్రాలిక్ పైపు బెండరు. పన్నెండు టన్నుల జాకీ, ఆరు డైలు. రంగు కూడా చెదరలేదు. "మెట్లకు స్టీలు రెయిలింగు ఆర్డరొచ్చిందని కొన్న. ఏ పైపు పెట్టినా చప్పటైతుంది. ఎనిమిది పైపులు ఖరాబైనయి. ఆ ఇంటాయన పని వేరేటోళ్లకు ఇచ్చిండు. ఏజెంటేమో దినాం ఫోన్ చేస్తుండు, వీసా ఉంది వస్తవా అని!"

చాయ్ తెచ్చిన వాళ్లమ్మ ఆ మాట విని, గ్లాసులు అక్కడ పెట్టి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

మిషను చెడ్డది కాదు. తమ్ముడికి పని రాకా కాదు. ఆ పైపుకీ ఆ మిషనుకీ జాతకం కుదరలేదు. అంతే!

రెండు రకాల అంగుళాలు

బజార్లో అంగుళం పైపు అనగానే ఒకటే కొలత అనుకుంటాం. నిజానికి రెండు అంగుళాలున్నాయి. నీళ్ల కోసం పుట్టిన జీఐ పైపుని లోపలి రంధ్రం లెక్కన పిలుస్తారు. అందుకే అంగుళం జీఐ పైపు బయటి నుంచి కొలిస్తే 33.7 మిల్లీమీటర్లు ఉంటుంది. ముప్పావు అంగుళానిది 26.9, అంగుళంపావుది 42.4, అంగుళంన్నరది 48.3, రెండంగుళాలది 60.3. రెయిలింగులకీ కుర్చీలకీ వాడే స్టీలు పైపు సంగతి వేరు. దాన్ని బయటి కొలతతోనే పిలుస్తారు. అంగుళమంటే 25.4, అంగుళంన్నర అంటే 38.1, రెండంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు.

మన దగ్గర చవగ్గా దొరికే హైడ్రాలిక్ బెండర్లతో వచ్చే డైలు సాధారణంగా మొదటి రకానికి, అంటే నీళ్ల పైపుకి చేసినవి. వాటి గాడిలో అంగుళంన్నర స్టీలు పైపు పెట్టామనుకోండి. అంగుళంపావు డై దగ్గరగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ గాడి 42.4 కొలతకి కోసింది, పైపు 38.1. నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు ఖాళీ! జాకీ నెడుతుంటే పైపు ఆ ఖాళీలోకి పరుచుకుంటుంది. గుండ్రటిది కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, ఆ తర్వాత సొట్ట. రెండంగుళాల స్టీలు పైపు పరిస్థితి ఇంకా విచిత్రం. అంగుళంన్నర డైలో పట్టదు, రెండంగుళాల డైలో దాదాపు సెంటీమీటరు వదులు.

తమ్ముడు మోసపోయింది తెలివితక్కువతనం వల్ల కాదు. తన అనుభవమే తనని మోసం చేసింది. మస్కట్‌లో పదకొండేళ్లూ అతని చేతిలోంచి వెళ్లినవన్నీ మందపాటి లైను పైపులు. షెడ్యూల్ 40 అంగుళంన్నర పైపు గోడ మందమే 3.7 మిల్లీమీటర్లకి దగ్గర. ఇక్కడ రెయిలింగుకి కొన్న పైపు మందం 1.2. అక్కడ చెయ్యి తిరిగిన పని ఇక్కడ చెయ్యిచ్చింది.

మందమే మహాభాగ్యం

దీనికో చిన్న లెక్క ఉంది. పైపు బయటి కొలతని గోడ మందంతో భాగించండి. అంగుళం బి-క్లాసు జీఐ పైపు 33.7 మిల్లీమీటర్లు, మందం 3.2. భాగిస్తే పదిన్నర. తమ్ముడి స్టీలు పైపు 38.1, మందం 1.2. భాగిస్తే దాదాపు 32. ఈ అంకె 15 లోపుంటే జాకీ బెండరు కూడా చక్కగా వంచుతుంది. 20 దాటితే పైపుని అన్నివైపులా పట్టి ఉంచే బెండరు కావాలి. 30 దాటి, పైగా బిగువైన వంపు కావాలంటే లోపల కూడా ఆసరా ఉండాలి. అంటే పైపులోకి మాండ్రెల్ అనే కడ్డీ దూర్చి వంచే పెద్ద మిషను. అది ఇంటి షెడ్డుకి అయ్యే పని కాదు. ఇవి షాపుల్లో పనిచేసేవాళ్ల మోటు లెక్కలే అయినా డబ్బు ఆదా చేసే లెక్కలు.

జీఐ పైపు మీద రంగు పట్టీ చూశారా? పసుపు పట్టీ ఉంటే లైట్, అంటే ఎ-క్లాసు. నీలం మీడియం, బి-క్లాసు. ఎరుపు హెవీ, సి-క్లాసు. వంచే పనికి కనీసం నీలం పట్టీది అడగండి. గేజి లెక్కన కొనే పైపులో అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుందని మర్చిపోవద్దు. 16 గేజి సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజి సుమారు 1.2.

పల్చటి పైపు అసలు వంగదా అంటే వంగుతుంది. జర్మనీలో మార్సెల్ బ్రూయర్ అనే డిజైనరు 1925లో సైకిల్ హ్యాండిల్ చూసి, ఆ పైపు అలా వంగినప్పుడు కుర్చీ ఎందుకు కాదనుకున్నాడు. వంచిన స్టీలు పైపుతో కుర్చీ చేశాడు. మన వరండాల్లోని వైరు అల్లిన పైపు కుర్చీలు ఆ కుటుంబంలోవే. కిటుకల్లా పైపుకి సరిపోయే డైలోనూ, వంపు విశాలంగా ఉండటంలోనూ ఉంది. వంపు వ్యాసార్ధం పైపు బయటి కొలతకి మూడు రెట్లకి తగ్గకుండా చూసుకుంటే చాలా తలనొప్పులు తగ్గుతాయి. పల్చటి పైపైతే ఇంకా ఎక్కువ ఇవ్వాలి.

ఏది ఎవరికి?

మన మూడు ఊళ్లలో పైపు వంచాల్సిన పనులేమిటో ముందు చూద్దాం. జగిత్యాల చుట్టుపక్కల ట్రాక్టర్ల మీద నీడకి వేసే టాపులు, కోతుల బెడదకి వాకిళ్ల మీద కట్టే జాలీ చట్రాలు. కోరుట్లలో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్లకి రెయిలింగులు, గేట్లు, ఉయ్యాల స్టాండ్లు. సిరిసిల్లలో సాంచాల షెడ్లకి కండెల రాకులు, బీములు మోసే తోపుడు బండ్లు. ఆర్డర్లు లేక సాంచాలు ఆగిన రోజుల్లో వెల్డింగ్ వైపు తిరిగిన ఆసాముల పిల్లలూ ఉన్నారు. వీళ్లందరికీ ఒకే మిషను సరిపోదు.

మొదటిది చేతి బెండరు. ఎలక్ట్రీషియన్లు గొట్టాలు వంచే పొడుగు పిడి సాధనం. పల్చటి, సన్నటి గొట్టాలకే. గేట్ల పనికి పనికిరాదు.

రెండోది మన కథలోని జాకీ బెండరు. ఇటూ అటూ రెండు రోలర్లు, మధ్యలో డైని నెట్టే జాకీ. చిన్న చేతి బలాన్ని ద్రవం ద్వారా పెద్ద బలంగా మార్చే ఈ కిటుకుతో ఇంగ్లాండులో జోసెఫ్ బ్రామా 1795లోనే ప్రెస్సు చేసి పేటెంటు తీసుకున్నాడు. కరెంటు అక్కర్లేదు. ట్రాక్టరు టాపులు, జీఐ పైపు చట్రాలు, తోపుడు బండ్లు చేసేవాళ్లకి ఇది బంగారం. పల్చటి రెయిలింగు పైపుకి మాత్రం వద్దు.

మూడోది డై చుట్టూ పైపుని తిప్పి వంచే రకం. ఒక పక్క పైపుని బిగించి, ఇంకో పక్క నుంచి ఆసరా ముక్క నొక్కిపెడుతుండగా పొడుగు పిడితో తిప్పుతారు. 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న అంగుళం పైపుని అయిదడుగుల పిడితో ఒక మనిషి వంచగలడు. కుర్చీలు, స్టాండ్లు చేసేవాళ్లు వెతకాల్సింది దీన్ని. ఒక్కో కొలతకి ఒక్కో డై కావాలి. కానీ మీరు చేసే పనుల్లో నిజంగా ఎన్ని కొలతలుంటాయి? ఒకటో రెండో!

నాలుగోది మూడు రోలర్ల మిషను. గేటు పైన కమాను, పందిరి వంపు లాంటి పెద్ద వంపులకి. చేత్తో తిప్పేవీ ఉన్నాయి. దీంట్లో పైపు రెండు చివర్లూ కాస్త వంగకుండా మిగిలిపోతాయి. అందుకని పొడుగు ఎక్కువ పెట్టుకుని తర్వాత కోసెయ్యాలి. చదరం పైపులతో గేట్లు చేసేవాళ్లు గుండ్రటి డైలో దాన్ని పెట్టకండి. వంపు బదులు వి-ఆకారంలో కోసి మడిచి వెల్డింగ్ చేయడమే చవక. లేదంటే చదరానికి తగిన రోలర్లు ఉండాలి.

జేబు లెక్క

లెక్క కోసం జాకీ బెండరు 20,000 రూపాయలనుకుందాం. బయట వంచిస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే, సొంత మిషను మీద ఒక్కో వంపుకి 40 రూపాయలు మిగులుతాయనుకుందాం. అంటే మిషను ఖరీదు రాబట్టడానికి 500 వంపులు. నెలకి 25 వంపుల పనుంటే 20 నెలలు. అదే మీకు కావాల్సిన ఒక్క కొలతకి లేత్ షాపులో డై తిప్పించుకుని, మందపాటి ప్లేటు మీద పిన్ను, రోలరు బిగించుకుంటే 6,000 అయిందనుకోండి. 150 వంపులు, ఆరు నెలలు. మీ ఊరి ధరలు వేసుకుని ఇదే లెక్క చేయండి. నెలకి పది వంపులు కూడా లేవా? ఏ మిషనూ కొనకండి. రెడీమేడ్ బెండులు తెచ్చి వెల్డింగ్ చేసి పాలిష్ పట్టండి. అందులో నామోషీ ఏమీ లేదు.

అప్పు తీసుకునేవాళ్లకి రెండు మాటలు. 2015లో వచ్చిన ముద్రా పథకంలో శిశు కింద 50,000 వరకు రుణం ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి పని ఉంది. అర్హులకి పనిముట్ల కోసం 15,000 రూపాయలిస్తారు. ఉన్నాయి కదా అని మాత్రం తీసుకోవద్దు. చేతిలో ఆర్డరు ఉన్నాకే బ్యాంకు మెట్లెక్కండి.

కొనేముందు

సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా వెళ్లినా, కరీంనగర్‌లో కొన్నా, ఖాళీ చేతులతో వెళ్లకండి. మీరు రోజూ వాడే పైపు మూడడుగుల ముక్క, ఒక వెర్నియర్ తీసుకెళ్లండి. డై గాడి కొలవండి. పైపు అందులో కూర్చుంటే కదలకూడదు, సగం దాకా గాడి కౌగిలించుకున్నట్టుండాలి. "పన్నెండు టన్నులు సార్, పదహారు టన్నులు సార్" అంటారు. టన్నులు అడగొద్దు, మీ పైపుని వంచి చూపించమనండి. కుదరదంటే బేరం అక్కడితో ఆపండి.

రోలర్లు నూనె పట్టి స్వేచ్ఛగా తిరుగుతున్నాయా, పిన్నులు మందంగా ఉన్నాయా చూడండి. జాకీని బలం మీద ఉంచి అయిదు నిమిషాలు వదిలెయ్యండి. వెనక్కి జారినా, నూనె చెమర్చినా వద్దనండి. సీళ్లు విడిగా దొరుకుతాయా, ఏ నూనె పొయ్యాలి అని అడిగి బిల్లు మీదే రాయించుకోండి. బండి బ్రేకు ఆయిల్ ఎప్పుడూ పోయకండి. జాకీ సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. తిప్పే రకం బెండరైతే కాంక్రీటులో బోల్టులు వేసి బిగించే వీలుండాలి. బల్ల మీద పెట్టి తిప్పితే వంగేది పైపు కాదు, బల్ల!

సుద్దముక్క లెక్క

మిషను వచ్చాక అసలు లాభం సుద్దముక్కలో ఉంది. తొంభై డిగ్రీల వంపుకి ఎంత పైపు పడుతుందో తెలియాలంటే వ్యాసార్ధాన్ని 1.57తో గుణించండి. పైపు నడిమధ్య గీత నుంచి కొలిచిన వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లైతే వంపుకి 157.

ఒక స్టాండుకి తలకిందుల యు-ఆకారం కావాలనుకుందాం. రెండు కాళ్లు వంపు దాకా 1,000 చొప్పున, మధ్యలో నిటారు భాగం 700. మూలలు చదరమనుకుని కొలిస్తే 1,100, 900, 1,100 కలిపి 3,100. రెండు స్టాండ్లకి 6,200. ఇరవై అడుగుల పైపు 6,096 మాత్రమే. ఒక పైపులో ఒక్కటే వస్తుందని రెండో పైపు కొంటాం. సరిగ్గా లెక్కేస్తే? 1,000, 157, 700, 157, 1,000 కలిపి 3,014. రెండింటికి 6,028. ఒకే పైపులో రెండూ వచ్చేస్తాయి, కట్టింగుకి కూడా చోటుంటుంది. అయితే కోసేముందు పైపు పూర్తి ఇరవై అడుగులుందో లేదో కొలుచుకోండి. ఆరు మీటర్లకే ఆపేసిన పైపైతే 28 మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది.

ఇంకో రెండు. పైపు పొడవునా ఉండే అతుకు గీతని వంపు లోపలికి గానీ బయటికి గానీ రానివ్వకండి, పక్కకి ఉంచండి. వంచి వదిలాక ఏ పైపైనా కొంచెం వెనక్కి వస్తుంది. తొంభై కావాలంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వంచాలి, స్టీలుకి ఇంకాస్త. ముందు తుక్కు ముక్క మీద చూసుకుని ఆ అంకెని గోడ మీద రాసి పెట్టుకోండి.

ప్రాణం కంటే పైపు ఎక్కువ కాదు

మిషను లేకుండా ఇసుక నింపి, ఎర్రగా కాల్చి వంచే పాత పద్ధతి ఇప్పటికీ ఉంది. మంచి పద్ధతే. కానీ ఇసుకని పెనం మీద వేయించి పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉంటే లోపల ఆవిరి పుట్టి బిరడా తూటాలా దూసుకొస్తుంది. చిన్న రంధ్రం వదిలిన చెక్క బిరడాలు వాడాలి, చివర్లకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. జీఐ పైపుని మాత్రం కాల్చొద్దు. పైనున్న జింకు తెల్లటి పొగై ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పని చేసిన కొన్ని గంటలకి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఎండదెబ్బ అనుకుని మాత్ర మింగి పడుకుంటాం. మర్నాడు మళ్లీ అదే పొగ. ఇక జాకీ బెండరు పిన్ను పోయిందని బోల్టు ముక్క దూర్చి పని చేయడం అంటారా, అంతకంటే వేరే సాహసం అక్కర్లేదు. అది విరిగితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు.

మళ్లీ కోరుట్లకి వద్దాం. ఆ సాయంత్రం మేమిద్దరం షెడ్డులో కూర్చుని ఓ పాత నోటుబుక్కులో గత మూడు నెలల్లో ఇంటికొచ్చి అడిగిన పనులన్నీ రాశాం. ట్రాక్టరు టాపులు తొమ్మిది, జాలీ చట్రాలు ఆరు, ఉయ్యాల స్టాండ్లు నాలుగు, రెయిలింగు ఒకటి. ఆ ఒక్క రెయిలింగు కోసం అతను మిషను కొన్నాడు. మిగతా పదిహేను జీఐ పైపు పనులకి ఆ మిషనే సరైనదని చూసుకోలేదు!

తర్వాత టార్పాలిన్ తీశాడు. ట్రాక్టరు టాపులు ఆ బెండరు మీదే చేస్తున్నాడు. ఉయ్యాల స్టాండ్లకి జగిత్యాలలో ఒక లేత్ షాపులో అంగుళం స్టీలు పైపుకి డై తిప్పించుకున్నాడు. రెయిలింగు వస్తే రెడీమేడ్ బెండులే వాడుతున్నాడు. నెలనెలా దుబాయ్ జీతమంత వస్తోందా అంటే రావట్లేదు. ఆ మాట దాచకుండా చెప్పాడు. "సగమస్తుంది అన్నా. గని రాత్రి ఇంట్లనే తింటున్న" అన్నాడు.

ఏజెంటు ఫోన్ సంగతి నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. పక్కనే వాళ్లమ్మ మాత్రం ఈసారి చాయ్ ఇచ్చి వెళ్లిపోకుండా గుమ్మంలోనే కూర్చుంది.

మీరూ మిషను కొనే ఆలోచనలో ఉంటే ముందొక నోటుబుక్కు తియ్యండి. మూడు నెలల పనులు రాయండి. వాటి పక్కన పైపు కొలత, మందం రాయండి. ఏ మిషను కొనాలో ఆ పేజీయే చెబుతుంది.